పీఎస్5 తీసుకోవాలా, ఎక్స్‌బాక్స్ తీసుకోవాలా, గల్ఫ్ నుంచి తెప్పించాలా?

రంజాన్ ఈదీ, పదో తరగతి రిజల్ట్, దుబాయ్ నుంచి మామూ సెలవు మీద రావడం. మన ఇళ్లల్లో గేమ్ కన్సోల్ మాట ఎక్కువగా ఈ మూడు సందర్భాల్లోనే వస్తుంది. పిల్లలు పేరు చెప్తారు, అబ్బా రేటు అడుగుతాడు, అమ్మీ "దీంతో చదువు పోతది" అంటుంది. నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ దుకాణంలో పనిచేసే ఒక మనిషికి ఇది మూడు నాలుగు నెలల జీతం. అంత పెట్టి తెచ్చాక టీవీకి సరిపడకపోయినా, గేమ్ డౌన్‌లోడ్ కాకపోయినా, రిపేర్‌కు దిక్కు లేకపోయినా ఆ డబ్బు గంగలో పోసినట్టే. అందుకే కంపెనీల ప్రకటనలు పక్కన పెట్టి, మన దగ్గరి కరెంటు, ఎండ, ఇంటర్నెట్, పాత డిస్కుల బజారు లెక్కలోకి తీసుకుని రాసిన వివరం ఇది.

బజారులో ఏమున్నాయి

పోటీ ప్రధానంగా రెండు కంపెనీల మధ్యే. సోనీ వాళ్ల ప్లేస్టేషన్ 5, అంటే పీఎస్5, ఇండియాకు 2021 ఫిబ్రవరి 2న వచ్చింది. అప్పుడు డిస్కు వేసుకునే రకం రూ. 49,990, డిస్కు లేని డిజిటల్ రకం రూ. 39,990. తర్వాత ధర పెంచారు. 2024 ఏప్రిల్‌లో కాస్త సన్నబడ్డ స్లిమ్ మోడల్ వచ్చేనాటికి అవి రూ. 54,990, రూ. 44,990 అయ్యాయి. మైక్రోసాఫ్ట్ వాళ్లవి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్. రెండూ 2020 నవంబర్ 10న ఇక్కడ విడుదలయ్యాయి, రూ. 49,990, రూ. 34,990 ధరలకు. వాటి రేట్లూ ఆ తర్వాత పైకే పోయాయి. కాబట్టి ఇక్కడ రాసిన ధరలు విడుదల నాటివని గుర్తుంచుకుని, కొనే రోజు రేటు అడిగి చూసుకోవాలి.

మామూలుగా వస్తువు పాతబడేకొద్దీ రేటు తగ్గాలి. కామర్స్ క్లాసులో తరుగుదల అని చెప్పింది అదే. ఈ కన్సోళ్ల విషయంలో మాత్రం అది తిరగబడింది. వచ్చే ఏడాది చవకవుతుందని ఆగడంలో పెద్ద లాభం కనిపించడం లేదు. పండగ ఆఫర్ దొరికితే అదే లాభం.

మూడోది నింటెండో స్విచ్. 2017 మార్చి 3న వచ్చింది, ప్రపంచవ్యాప్తంగా 15 కోట్లకు పైగా అమ్ముడైంది. రెండో తరం స్విచ్ 2 వచ్చింది 2025 జూన్ 5న. ఈ రెంటినీ కంపెనీ ఇండియాలో అధికారికంగా విడుదల చేయలేదు. ఇక్కడ దొరికేవన్నీ బయటి నుంచి తెచ్చి అమ్మేవే. చిన్న పిల్లలకు మారియో లాంటి ఆటలు చాలా బాగుంటాయి, చేతిలో పట్టుకునీ ఆడుకోవచ్చు, టీవీకీ పెట్టుకోవచ్చు. కానీ చెడిపోతే కంపెనీ సర్వీస్ లేదు. ఆ రిస్కు తెలిసి కొనేవాళ్లు కొనుక్కోవచ్చు.

ఇక ఆన్‌లైన్‌లో, పట్నం ఫుట్‌పాత్‌ల మీద "10,000 గేమ్స్" అని రాసిన గేమ్ స్టిక్‌లు కనిపిస్తాయి. 1983లో జపాన్‌లో మొదలైన ఫామికామ్ నాటి 8 బిట్ ఆటలు, ఆ తరువాతి కొన్ని పాత ఆటలు, వాటినే పేరు మార్చి రెండు మూడుసార్లు ఎక్కించి ఉంటాయి. దాదాపు అన్నీ అనుమతి లేని కాపీలే. 90లలో మన ఇళ్లల్లో పసుపు రంగు క్యాసెట్ పెట్టి ఆడిన టీవీ గేమ్‌కు ఇది మనవడు అనుకోండి. నాలుగు రోజులు సరదాగా ఉంటుంది. దాన్ని పీఎస్5కు బదులుగా అని అమ్మితే నమ్మొద్దు.

ముందు టీవీని చూడండి

దుకాణాల్లో టెరాఫ్లాప్స్ అనే మాట వినిపిస్తుంది. బొమ్మ గీసే చిప్పు సెకనుకు ఎన్ని లెక్కలు చేయగలదో చెప్పే కొలత అది. సిరీస్ ఎక్స్‌కు 12, పీఎస్5కు 10.28, సిరీస్ ఎస్‌కు 4. కాగితం మీద సిరీస్ ఎక్స్ పై చేయి. కానీ రెండింట్లోనూ ఉన్నది ఏఎండీ కంపెనీ తయారుచేసిన ఒకే వంశపు ప్రాసెసర్, 8 కోర్లు, 16 జీబీ మెమరీ. ఒకే గేమ్‌ను రెండింటి మీదా పక్కపక్కన పెట్టి చూపిస్తే తేడా పట్టగలిగేవాళ్లు తక్కువ. పీఎస్5 లోపలి ఎస్ఎస్‌డీ మాత్రం వేగంలో ముందుంది. సెకనుకు 5.5 జీబీ చదువుతుంది, సిరీస్ ఎక్స్ ఎస్ఎస్‌డీ 2.4 జీబీ.

అసలు తేడా సిరీస్ ఎస్ దగ్గర వస్తుంది. దాని మెమరీ 10 జీబీ. 2023లో బాల్డర్స్ గేట్ 3 అనే పెద్ద గేమ్ పీఎస్5లో సెప్టెంబర్ 6న వస్తే, ఎక్స్‌బాక్స్‌లో డిసెంబర్ దాకా రాలేదు. కారణం, ఒకే టీవీ మీద ఇద్దరు ఆడే సౌకర్యాన్ని సిరీస్ ఎస్ మోయలేకపోవడం. చివరికి సిరీస్ ఎస్‌లో ఆ సౌకర్యం తీసేసి విడుదల చేశారు. చవక మోడల్ తీసుకుంటే ఇలాంటి కోతలు అప్పుడప్పుడు తప్పవు.

అయితే మీ ఇంట్లో ఉన్నది 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీ అయితే ఈ గొడవంతా మీకు అవసరం లేదు. ఆ తెర మీద 4కే బొమ్మ కనపడదు. పాత టీవీకి పీఎస్5 పెట్టడం అంటే స్కూటర్ ట్యాంకులో విమానం పెట్రోలు పోసినట్టు. 43 అంగుళాల 4కే టీవీ ఉంటే, లేదా త్వరలో కొనే ఆలోచన ఉంటే అప్పుడు పెద్ద మోడల్‌కు అర్థం ఉంటుంది. ఇంకో ముఖ్యమైన మాట: వీటన్నిటికీ హెచ్‌డీఎంఐ సాకెట్ కావాలి. పాత డబ్బా టీవీకి ఎరుపు, తెలుపు, పసుపు వైర్లతో కలిపే కాలం పోయింది.

జాగా సంగతి. మొదటి పీఎస్5లో 825 జీబీ అని రాసినా వాడుకోను మిగిలేది 667 జీబీ. స్లిమ్‌లో 1 టీబీ ఇచ్చారు. 512 జీబీ సిరీస్ ఎస్‌లో మిగిలేది 364 జీబీయే. ఇప్పటి గేములు కొన్ని 100 జీబీ దాటుతున్నాయి, అంటే సిరీస్ ఎస్‌లో మూడు పెద్ద గేములు పట్టడం కష్టం. జాగా పెంచుకోవాలంటే పీఎస్5లో బజారులో దొరికే మామూలు ఎం.2 ఎస్ఎస్‌డీ, నాలుగో తరం రకం, మనమే బిగించుకోవచ్చు. ఎక్స్‌బాక్స్‌కు దాని కోసమే చేసిన ప్రత్యేక కార్డు కొనాలి, అది ఖరీదు. రెండింట్లోనూ యూఎస్‌బీ హార్డ్ డిస్కు పెట్టొచ్చు గానీ, కొత్త తరం గేములను దానిలో దాచుకోవడమే తప్ప అక్కడి నుంచి ఆడలేం.

డిస్కు ఉన్నదా, లేనిదా

మన జిల్లాల వాళ్లకు అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే అని నా అభిప్రాయం. డిజిటల్ మోడల్ పది వేలు చవక అని చాలామంది దాన్నే తెస్తారు. లెక్క వేసి చూద్దాం.

సోనీ సొంత పెద్ద గేముల రేటు కొత్తగా వచ్చినప్పుడు రూ. 4,999 ఉంటోంది. డిజిటల్‌లో కొన్న గేమ్ మీ అకౌంట్‌కు అతుక్కుపోతుంది, అమ్మలేరు, తమ్ముడి దోస్తుకు అప్పియ్యలేరు. డిస్కు అయితే ఆడేశాక అమ్మొచ్చు, మార్చుకోవచ్చు, పాతది తక్కువకు కొనొచ్చు. ఒక్కో డిస్కు మీద 1,500 నుంచి 2,000 మిగిలిందనుకోండి, ఐదు నుంచి ఏడు గేముల్లో ఆ పది వేల తేడా తీరిపోతుంది. ఏడాదికి మూడు గేములు ఆడే ఇంట్లో రెండేళ్లు, రెండున్నరేళ్ల పని. ఆ తర్వాత అంతా మిగులే. జగదీశ్ మార్కెట్, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపు పనిమీద పోయినప్పుడు పాత డిస్కుల రేటు కనుక్కోండి. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ వంద కిలోమీటర్లే కదా. పీఎస్ డిస్కులు దొరికినంత సులువుగా ఎక్స్‌బాక్స్ డిస్కులు దొరకవు. ఇది చిన్న విషయం కాదు.

సిరీస్ ఎస్‌కు డిస్కు పెట్టే వీలే లేదు. పీఎస్5 స్లిమ్ డిజిటల్‌కు మాత్రం తర్వాత డిస్కు డ్రైవ్ విడిగా కొని బిగించుకోవచ్చు, మొదటిసారి బిగించినప్పుడు ఇంటర్నెట్ ఉండాలి. 2021 నాటి పాత డిజిటల్ మోడల్‌కు ఆ అవకాశం లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఇది చూసుకోవాలి.

ఇంటర్నెట్ లెక్క కూడా ఇక్కడే వస్తుంది. ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇంటికి బాధ లేదు. ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికే ఇంట్లో, రోజుకు 2 జీబీ డేటా ప్యాకుతో 100 జీబీ గేమ్ దించాలంటే, ఇంట్లో ఇంకెవరూ ఫోన్ ముట్టకుండా 50 రోజులు. దేవరకొండ అవతల, అచ్చంపేట వైపు ఊళ్లల్లో ఉండేవాళ్లు డిజిటల్ మోడల్ జోలికి పోకపోవడమే మేలు. డిస్కు పెట్టినా గేమ్ లోపలికి కాపీ అవుతుంది, కొత్త అప్‌డేట్లు నెట్ నుంచే వస్తాయి. కానీ మొత్తం బరువు నెట్ మీద పడదు.

గేములే మెషిన్‌ను అమ్ముతాయి

సోనీ దగ్గర స్పైడర్‌మ్యాన్, గాడ్ ఆఫ్ వార్, గ్రాన్ టురిస్మో ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ దగ్గర హేలో, ఫోర్జా. ఒకప్పుడు ఎవరి గేములు వాళ్లవే. ఇప్పుడు గోడ ఒక వైపు కూలింది. ఫోర్జా హొరైజన్ 5 2025 ఏప్రిల్‌లో పీఎస్5కు వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో గేర్స్ ఆఫ్ వార్ కూడా వచ్చేసింది. సోనీ గేములు మాత్రం ఎక్స్‌బాక్స్ వైపు అలా పోవడం లేదు. ఈ ఒక్క కారణంతో పీఎస్5 బరువు పెరిగింది. కాల్ ఆఫ్ డ్యూటీ చేసే యాక్టివిజన్‌ను మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబర్‌లో కొనేసింది, అయినా ఆ గేమ్ రెండు వైపులా వస్తూనే ఉంది. ఫుట్‌బాల్ గేమ్ ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ, క్రికెట్ 24 కూడా రెండింట్లో దొరుకుతాయి. పిల్లలు అడిగేవి ఇవే అయితే కన్సోల్ ఏదైనా ఒకటే.

ఎక్స్‌బాక్స్ బలం గేమ్ పాస్. నెలకు ఇంత అని కడితే వందల గేములు. ఇది కేబుల్ బిల్లు లాంటిది, కట్టినన్నాళ్లే ఆట, ఆపితే చేతిలో ఏమీ మిగలదు. 2025 అక్టోబర్‌లో దాని పై ప్లాన్ రేటు అమెరికాలో నెలకు 19.99 డాలర్ల నుంచి 29.99కి పెంచారు, మన దగ్గరా పెరిగింది. పిల్లలకు రోజుకో కొత్త ఆట కావాలంటే గేమ్ పాస్ లాభమే. ఒకే ఫుట్‌బాల్ గేమ్‌ను ఏడాదంతా ఆడేవాడికి అది దండగ. ఇంకోటి: కొన్న గేమ్‌ను ఆన్‌లైన్‌లో వేరేవాళ్లతో ఆడాలంటే రెండు కంపెనీల్లోనూ నెల చందా కట్టాలి. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత గేములకు అవసరం లేదు.

పాత గేముల సంగతి. పీఎస్4 గేములు దాదాపు అన్నీ పీఎస్5లో నడుస్తాయి. పాత కంట్రోలర్ మాత్రం పీఎస్5లో పీఎస్4 గేములకే పనిచేస్తుంది. ఎక్స్‌బాక్స్‌లో వెనకటి తరం కంట్రోలర్ అన్నిటికీ పనిచేస్తుంది. రెండో పిల్లాడికి కంట్రోలర్ కొనాలంటే, పీఎస్5ది విడుదల నాడే రూ. 5,990. ఇంట్లో ఇద్దరుంటే ఈ ఖర్చు మొదటి రోజే పట్టుకోండి, లేకపోతే కొట్లాట ఖాయం.

హార్డ్‌వేర్ కంటే గేములే ముఖ్యమని చరిత్రా చెప్తుంది. 2000లో వచ్చిన పీఎస్2 బొమ్మ నాణ్యతలో తన పోటీదారుల కంటే తక్కువే, అయినా 16 కోట్ల దాకా అమ్ముడైంది. మన దగ్గర గంటకు ఇంత అని ఆడించిన వీడియో గేమ్ షాపులను నిలబెట్టింది కూడా అదే. 2009లో ఆ పీఎస్2కే హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ 'హనుమాన్: బాయ్ వారియర్' చేసింది. హైదరాబాద్‌దే అయిన గేమ్‌శాస్త్ర, మన ఆటలతో 'దేశీ అడ్డా' చేసింది. మన రాజధానిలో తయారైన గేములను సోనీ పెట్టెలో ఆడిన రోజులున్నాయన్నమాట, ఈ తరం పిల్లలకు చెప్తే నమ్మరు.

ఎండ, కరెంటు

పీఎస్5 పనిచేయాల్సిన వేడి 5 నుంచి 35 డిగ్రీలని కంపెనీ పుస్తకంలోనే రాసింది. మే నెలలో నల్లగొండ పరిస్థితి తెలిసిందే, 45 దగ్గర ఆడుతుంది. రేకుల ఇంట్లో, పై అంతస్తు గదిలో మధ్యాహ్నం గదిలోపలే 38, 40 ఉంటుంది. వేడి ఎంత నష్టం చేస్తుందో మైక్రోసాఫ్ట్‌కు బాగా తెలుసు. ఎక్స్‌బాక్స్ 360లో ఎర్ర దీపాలు వెలిగి మెషిన్లు చచ్చిపోతుంటే 2007 జూలైలో వారంటీని మూడేళ్లకు పొడిగించి, వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పక్కన పెట్టాల్సి వచ్చింది. అందుకే టీవీ స్టాండ్ అరలో మూసిపెట్టకండి. దుమ్ము పడకుండా గుడ్డ కప్పి, ఆ గుడ్డతోనే ఆన్ చేసే ఇళ్లూ ఉన్నాయి, అది ఇంకా ప్రమాదం. ఎండాకాలం ఆట పొద్దున గానీ, ఇషా తర్వాత గానీ పెట్టుకుంటే మెషిన్‌కూ మంచిది.

ఇక బిల్లు. పెద్ద గేమ్ ఆడుతుంటే పీఎస్5 సుమారు 200 వాట్లు తీసుకుంటుంది, సిరీస్ ఎస్ 75 వాట్ల చుట్టూ. రోజుకు రెండు గంటల చొప్పున నెలకు పీఎస్5 12 యూనిట్లు, సిరీస్ ఎస్ నాలుగున్నర. టీవీది అదనం. చూడను తక్కువే. కానీ గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచితం పొందే ఇల్లయితే జాగ్రత్త. 190 దగ్గర ఆగే ఇంట్లో ఈ 12 యూనిట్లు పడితే 200 దాటుతుంది, దాటిన నెల బిల్లు మొత్తం కట్టాలి. వేసవిలో కూలర్ కూడా నడుస్తుంది కాబట్టి ముందే మీటర్ చూసుకోండి.

ఆడుతుండగా కరెంటు పోతే సేవ్ అవుతున్న గేమ్ చెడిపోవచ్చు. ఇన్వర్టర్ ఉంటే టీవీనీ కన్సోల్‌నీ దాని మీదకు తెచ్చుకోండి, అది సైన్ వేవ్ రకమైతే మంచిది. లేకపోతే రెస్ట్ మోడ్‌లో వదిలేయకుండా పూర్తిగా ఆపే అలవాటు చేయాలి.

గల్ఫ్ నుంచి తెప్పిస్తే

పాలమూరు, నల్లగొండ నుంచి దుబాయ్, జెద్దా, దమ్మామ్ పోయినవాళ్లు ఎంతమందో. అక్కడ రేటు తక్కువ పడితే తెప్పించుకోవడం సహజం. మెషిన్ ఇక్కడ నడుస్తుందా అంటే నడుస్తుంది. పీఎస్5 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది. అక్కడి మూడు చదరపు పిన్నుల ప్లగ్గు మన సాకెట్లో పట్టదు, కానీ వైరు విడిగా ఊడొస్తుంది, 8 అంకె ఆకారపు మామూలు వైరు వంద రూపాయల్లో దొరుకుతుంది. అడాప్టర్లు పెట్టి వేలాడదీయకండి.

డిస్కు గేములకు ప్రాంతం తాళం లేదు, అక్కడి డిస్కు ఇక్కడ ఆడుతుంది. కిటుకు వేరే చోట ఉంది. గేమ్‌కు అదనంగా కొనే భాగాలు, పాయింట్లు ఆ డిస్కు అమ్మిన దేశపు అకౌంట్‌కే సరిపోతాయి. సోనీ అకౌంట్ ఒకసారి సౌదీ అని తెరిస్తే తర్వాత ఇండియాకు మార్చే వీలు లేదు. కాబట్టి చాచా అక్కడ సరదాకు తెరిచిన అకౌంట్ వాడకుండా ఇక్కడికొచ్చాక ఇండియా అకౌంట్ తెరవండి. వారంటీ సాధారణంగా కొన్న దేశంలోనే. ఇక్కడ చెడిపోతే ఆ ఖర్చు మీదే అనుకుని రేటు పోల్చండి: తేడా ఐదారు వేలే అయితే ఇక్కడ బిల్లుతో కొనడమే నయం. 2016 నాటి బ్యాగేజ్ నిబంధనల్లో గల్ఫ్ నుంచి వచ్చే ప్రయాణికుడికి సుంకం లేని పరిమితి రూ. 50,000. బంగారం, ఫోన్, కన్సోల్ ఒకే సంచిలో వస్తుంటే ఇప్పుడున్న పరిమితి కనుక్కుని బిల్లులు చేతిలో ఉంచుకోమనండి.

అక్కడ పీఎస్5 ప్రో కనిపిస్తే ఆగండి. 2024 నవంబర్‌లో అది విడుదలైనప్పుడు ఇండియాకు రాలేదు. దానిలోని వైఫై వాడే 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు అప్పటికి ఇక్కడ అనుమతి లేదని సోనీ చెప్పింది. పైగా దానికి డిస్కు డ్రైవ్ కూడా విడిగా కొనాలి.

పిల్లల చేతికి ఇచ్చే ముందు

గేమ్ కవరు మీద 3, 7, 12, 16, 18 అని అంకె ఉంటుంది. అది ఆట ఎంత కష్టమో చెప్పేది కాదు, ఏ వయసువాళ్లకు తగినదో చెప్పేది. జీటీఏ మీద 18 ఊరికే వేయలేదు. రెండు కన్సోళ్లలోనూ పిల్లల అకౌంట్ విడిగా తెరిచి గంటలు, ఖర్చు, వయసు హద్దు పెట్టొచ్చు. తల్లిదండ్రుల అకౌంట్‌తోనే పిల్లల్ని ఆడనిస్తే ఈ హద్దులేవీ పనిచేయవు.

ఫుట్‌బాల్ గేమ్‌లో డబ్బు కట్టి ప్యాకు తెరిస్తే ఏ ఆటగాడు వస్తాడో తెలియని పద్ధతి ఉంది. బెల్జియం 2018లోనే దీన్ని జూదం కింద లెక్కగట్టింది, ఆ తర్వాత ఈఏ అక్కడ పాయింట్ల అమ్మకం ఆపేసింది. మన పెద్దవాళ్లు దీన్ని జువా అంటే కొట్టిపారేయలేం. కన్సోల్‌లో బ్యాంకు కార్డు సేవ్ చేయకుండా, అవసరమైనప్పుడు ఇంత అని గిఫ్ట్ కార్డు కొనివ్వడం సులువైన దారి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు

బడ్జెట్ ఇరవై వేల లోపు ఉంటే పాత పీఎస్4 చెడ్డ ఆలోచన కాదు, దాని డిస్కులు చవక. కొత్తగా వచ్చే పెద్ద గేములు దానికి రావడం తగ్గిపోయిందని తెలిసి కొనాలి. జీటీఏ 6 పీఎస్5కు, ఎక్స్‌బాక్స్ సిరీస్ మెషిన్లకే అని కంపెనీ ప్రకటించింది.

చూసేటప్పుడు అరగంట ఆడి చూడండి, ఫ్యాను మోత వినండి, డిస్కు పెట్టి తీయండి. కంట్రోలర్ కర్ర ముట్టకుండానే తెర మీద బొమ్మ కదులుతుంటే అది అరిగిపోయినట్టు. మీ ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి మీ అకౌంట్‌తోనే లాగిన్ కండి. సోనీ నెట్‌వర్క్ నుంచి నిషేధించిన పీఎస్4 అయితే అప్పుడు డబ్ల్యూఎస్-37368-7 అని వస్తుంది, దాన్ని అక్కడే వదిలేసి రండి. అమ్మేవాడి అకౌంట్ తీయించి, పెట్టె మీది నంబరూ మెషిన్ మీది నంబరూ ఒకటేనా చూడండి.

కొత్తది కొంటే జీఎస్‌టీ బిల్లు మీద ఆ సీరియల్ నంబరు రాయించుకోండి. పెట్టె మీద బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. టీవీకి పెట్టి ఆడే వీడియో గేములకు అది తప్పనిసరి. అది లేదంటే బయటి సరుకు అన్నట్టు. ఇలాంటి సరుకును "కంపెనీ వారంటీ ఉంది" అని అమ్మితే, వారంటీ ఉన్న మెషిన్‌ను రిపేర్ చేయకుండా తిప్పించుకుంటే, 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 50 లక్షల దాకా కేసులు అక్కడే వింటారు, వకీలు లేకుండా మీరే వేసుకోవచ్చు. బిల్లు మాత్రం ఉండాలి.